కాయిలోవర్లు వేసిన కారు: నాబులు పూర్తిగా వదులు చేసినా కుదుపు తగ్గడం లేదు, ఏం చేయాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. గత ఏడాది విశాఖపట్నంలో ఒకాయన దగ్గర ఆరేళ్లు వాడిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. ఇంజను, గేరుబాక్సు, బాడీ అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. అయితే ఆయన కారు కిందికి దిగి కనిపించాలన్న సరదాతో కంపెనీ సస్పెన్షన్ తీయించి, ఎత్తునూ గట్టిదనాన్నీ మార్చుకునే వీలున్న కాయిలోవర్లు వేయించారు. 15 అంగుళాల చక్రాల స్థానంలో 17 అంగుళాలవి, వాటికి 205/45 టైర్లు కూడా ఆయన వేయించినవే. కొనేటప్పుడు బీచ్ రోడ్డు మీద నడిపి చూశాను. అక్కడ కారు పట్టాల మీద పోతున్నట్టు అనిపించడంతో ముచ్చటపడి తెచ్చుకున్నాను.

ఇక్కడికి వచ్చాక కథ మారింది. నేను రోజూ ఉద్యోగానికి చిలకపాలెం మీదుగా రాజాం వెళ్లి వస్తాను. జాతీయ రహదారి మీద ఉన్నంతసేపు ఓర్చుకోవచ్చు గానీ, చిలకపాలెం దగ్గర మళ్లిన క్షణం నుంచి ప్రతి గతుకూ నడుముకే తగులుతోంది. ముందు చక్రం గుంతలో దిగినప్పుడల్లా ఎవరో సుత్తితో కొట్టినట్టు 'టక్'మని చప్పుడు వస్తుంది. ఒక్కడినే ఉన్నప్పుడు వెనుక భాగం ఫరవాలేదు కానీ, ఇంట్లోవాళ్లు ఎక్కితే స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు వెనుక నుంచి ఒక్క దెబ్బ గట్టిగా తగులుతోంది. మొన్న ఆదివారం అరసవల్లి వెళ్లేటప్పుడు మా అమ్మ ముందు సీటు తలదిండును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఒడిలో పెట్టుకున్న కొబ్బరికాయ రెండుసార్లు కిందపడింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో వస్తానంది. అంతకంటే చెప్పేదేముంది?

నేను చేసిన ప్రయత్నాలు చెబుతాను. నాలుగు డాంపర్లకూ, అంటే షాక్ అబ్జార్బర్లకూ, 24 క్లిక్కులున్న నాబులు ఉన్నాయి. గట్టిదనం తగ్గితే మెత్తగా ఉంటుందన్న లెక్కతో నాలుగింటినీ పూర్తిగా వదులు చేశాను. చిన్న గతుకుల్లో రవ్వంత తేడా కనిపించింది గానీ, 'టక్' పోలేదు, వెనుక దెబ్బ పోలేదు. పైగా గంటకు 80 కిలోమీటర్ల వేగంలో రోడ్డు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే కారు ఊగుతూ, కడుపులో తిప్పినట్టు అవుతోంది. ఒక మిత్రుడు చెప్పాడని టైర్లలో గాలి 26 పీఎస్ఐకి తగ్గించాను. వారం తిరగకుండానే ఎడమ ముందు చక్రం రిమ్ము అంచు వంగింది.

ఇప్పుడు నా ముందున్నవి మూడు దారులు. ఉన్న కాయిలోవర్లనే సరిచేసుకోవడం, వాటికి మెత్తటి స్ప్రింగులు తెప్పించి వేయడం, లేదా అన్నీ పీకేసి కంపెనీ సామాను పెట్టించడం. ఏది ముందు ప్రయత్నించాలో, ఏ వరుసలో చేయాలో అనుభవం ఉన్నవారు చెబితే రుణపడి ఉంటాను. ముందు మాక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, డాంపరు ఒకటిగా కలిసి ఉన్న రకం), వెనుక టోర్షన్ బీమ్ (రెండు చక్రాలనూ కలిపే అడ్డదూలం). వెనుక స్ప్రింగు వేరుగా, షాక్ అబ్జార్బరు వేరుగా ఉన్నాయి.

చిలకపాలెం జంక్షన్

మీరు రోజూ వెళ్లే దారి నాకూ అలవాటే కనుక మీ నడుము సంగతి అడగనక్కరలేదు. నేను నాబుల గురించి మాత్రమే చెబుతాను, మిగతాది తెలిసినవారు చెప్పగలరు.

నాబు స్ప్రింగును మెత్తబరచదు. చాలా కాయిలోవర్లలో ఆ ఒక్క నాబు ప్రధానంగా రీబౌండును, అంటే నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని అదుపు చేస్తుంది. కంప్రెషన్ మీద, అంటే స్ప్రింగు నొక్కుకునే వేగం మీద, దాని ప్రభావం కొంతే ఉంటుంది. కంపెనీ స్ప్రింగు కంటే రెండు మూడు రెట్లు గట్టి స్ప్రింగు వేసి, దాన్ని పట్టి ఉంచవలసిన డాంపింగును పూర్తిగా వదిలేస్తే, నొక్కుకున్న స్ప్రింగు ఒక్కసారిగా కారును పైకి తోస్తుంది, కారు మళ్లీ దిగుతుంది, మళ్లీ లేస్తుంది. 80 వేగంలో మీకు కడుపులో తిప్పుతున్నది అందుకే. అలాగని పూర్తిగా బిగిస్తే ఇంకో చిక్కు ఉంది. వరుసగా గతుకులు వచ్చినప్పుడు ఒకదాని తర్వాత స్ప్రింగు పూర్తిగా సాగకముందే మరొకటి తగులుతుంది. నాలుగైదు గతుకులు దాటేసరికి కారు మెట్టుమెట్టుగా కిందికి కుంగిపోయి, ఆ పైన ప్రతి దెబ్బా గట్టిగా తగులుతుంది.

కాబట్టి నాలుగు నాబులనూ నెమ్మదిగా సవ్యదిశలో చివరిదాకా తిప్పండి. చివర బలవంతం చేయకండి, లోపలి సూది పాడవుతుంది. అక్కడి నుంచి లెక్కపెడుతూ 12 క్లిక్కులు వెనక్కి రండి. లెక్క ఎప్పుడూ గట్టి చివర నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే వదులు చివర ఎక్కడ ఆగిందో చాలా డాంపర్లలో స్పష్టంగా తెలియదు. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకూ ఒకే సంఖ్య ఉండాలి. ఆపైన ఒకే రోడ్డు ముక్క మీద, ఒకే వేగంతో, ఒకే గాలి ఒత్తిడితో నడుపుతూ ఒక్కోసారి రెండేసి క్లిక్కులు మార్చి చూడండి. గతుకు దాటాక కారు ఒకసారి లేచి సర్దుకుని నిలబడితే సరిపోయినట్టు. రెండోసారి కూడా ఊగితే ఇంకా బిగించాలి. ఏ రోజు ఎన్ని క్లిక్కులు పెట్టారో ఒక కాగితం మీద రాసుకోండి. మనసు మీద నమ్మకం పెట్టుకుంటే మూడో రోజుకి అంతా కలగాపులగం అవుతుంది.

ఇక గాలి సంగతి. 45 ప్రొఫైల్ టైరుకు, అంటే పక్క గోడ పొట్టిగా ఉన్న టైరుకు, 26 పీఎస్ఐ పెట్టమన్నవారు మీ మేలు కోరినవారే కావచ్చు, కానీ ఆ సలహా ప్రమాదకరం. గుంత అంచుకు, రిమ్ముకు మధ్య టైరు నలిగితే పక్క గోడ ఉబ్బుతుంది. ఈసారి వంగింది రిమ్మే కనుక అదృష్టమనుకోండి.

రింగు స్పానర్ (విజయనగరం)

పై సలహా సరైనదే. అయితే మీరు రాసిన లక్షణాలను బట్టి మీ కారుకు ముందు భాగంలో ఒక జబ్బు, వెనుక భాగంలో వేరొక జబ్బు ఉన్నాయి. రెండింటికీ ఒకే మందు వేస్తే ఒకటి తగ్గి ఇంకొకటి ముదురుతుంది. నాబుల జోలికి వెళ్లేముందు డాంపరు కడ్డీకి ఎంత కదిలే చోటు ఉంది, ఆ చోటులో కారు ఎక్కడ నిలబడి ఉంది అనే రెండు విషయాలు తేల్చుకోవాలి. చోటు లేని సస్పెన్షన్‌కు ఎన్ని క్లిక్కులు తిప్పినా హాయి రాదు.

వెనుక సంగతి సులువు కనుక ముందు అది చెబుతాను. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు వేర్వేరుగా ఉన్న మీ కారులో వెనుక భాగాన్ని దించాలంటే స్ప్రింగు కింది రింగును దించడమొక్కటే మార్గం. అలా దించిన కొద్దీ షాక్ అబ్జార్బరు కడ్డీ లోపలికి పోయి, బంప్ స్టాప్‌కు, అంటే చివరి దెబ్బను ఆపడానికి కడ్డీకి తొడిగే ఆ రబ్బరులాంటి దిమ్మకు, దగ్గరవుతుంది. ఒక్కరే ఉన్నప్పుడు బాగుండి, ఇంట్లోవాళ్లు ఎక్కితే దెబ్బ తగులుతోందంటే ఆ దిమ్మ మీదే కారు పడుతోందన్నమాట. రుజువు కావాలంటే కడ్డీ చుట్టూ ఒక సన్నని ప్లాస్టిక్ కేబుల్ టై బిగించి, దాన్ని డాంపరు గొట్టం అంచుకు జరిపి, అమ్మగారిని కూర్చోబెట్టుకుని ఒకసారి మీ దారిలో తిరిగి రండి. కడ్డీ ఎంత లోపలికి పోతే టై అంత పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది. అది దిమ్మను తాకి నలిగి ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు. వెనుక రింగులను పైకి లేపడమే వైద్యం. స్ప్రింగు చక్రం ఇరుసుకు కొంత ముందుగా కూర్చుంటుంది కనుక రింగును 10 మి.మీ. లేపితే చక్రం దగ్గర ఎత్తు అంతకంటే కొంత ఎక్కువే పెరుగుతుంది. అందువల్ల కొద్దికొద్దిగా లేపుతూ కొలవండి.

ముందు భాగం కొంచెం లెక్క చూడవలసిన వ్యవహారం, ఓపికగా చదవండి. చక్రం గుంతలోకి దిగినప్పుడు 'టక్' అంటోందంటే, కడ్డీ పూర్తిగా బయటికి సాగిపోయి ఆఖరుకు తగులుతోందని నా అనుమానం. మీ ముందు స్ప్రింగుల మీద మిల్లీమీటరుకు 6 కిలోలు (ఒక మిల్లీమీటరు నొక్కడానికి 6 కిలోల బరువు కావాలని అర్థం) అనో, మరొకటో అంకె అచ్చువేసి ఉంటుంది, చూడండి. మీ తరహా కారుకు ఇద్దరు కూర్చున్నప్పుడు ముందు ఒక్కో మూలన స్ప్రింగు మీద పడే బరువు సుమారు 320 కిలోలు అనుకుందాం. స్ప్రింగు 6 కిలోలదైతే ఆ బరువుకు అది 53 మి.మీ. కుంగుతుంది. అంటే కారు నిలబడి ఉన్న చోటు నుంచి చక్రం కిందికి దిగడానికి 53 మి.మీ. అవకాశం ఉంటుంది. కానీ బిగించినవారు స్ప్రింగును డాంపరు మీద ముందే 25 మి.మీ. నొక్కి లాక్ రింగు వేశారనుకోండి, దాన్నే ప్రీలోడ్ అంటారు. అప్పుడు 150 కిలోల బరువును ఆ నొక్కుడే మోసేస్తుంది. మిగిలిన 170 కిలోలకు స్ప్రింగు 28 మి.మీ. మాత్రమే కుంగుతుంది. చక్రం దిగడానికి మిగిలిందీ ఆ 28 మి.మీ.లే. మన రోడ్ల మీద ఒక మోస్తరు గుంతకు కూడా అది చాలదు. చక్రం గుంత అడుగు దాకా దిగలేక గాలిలో వేలాడుతుంది, దాన్ని వెంబడించి కారు ముక్కే కిందికి పడుతుంది.

ప్రీలోడ్ ఎక్కువైతే స్ప్రింగు గట్టిపడుతుందని మెకానిక్కులు సైతం అంటుంటారు. మీ కారులో ఉన్నట్టు చుట్లన్నీ ఒకే తీరున ఉన్న స్ప్రింగు విషయంలో అది పొరపాటు. 6 కిలోల స్ప్రింగు ఎంత నొక్కినా 6 కిలోల స్ప్రింగే. మారేది కదిలే చోటు పంపకం. కిందికి దిగే వాటా తగ్గి, పైకి నొక్కుకునే వాటా పెరుగుతుంది.

కాబట్టి ముందు చక్రాలు తీసి కొలవండి. ఒకటి, డాంపరు మొత్తం స్ట్రోకు, అంటే కడ్డీ ఈ చివర నుంచి ఆ చివరకు కదలగల దూరం. రెండు, బంప్ స్టాప్ పొడవు. మూడు, చక్రం వేలాడుతున్నప్పుడు స్ప్రింగు పొడవుకూ, విడిగా ఉన్నప్పుడు దాని అసలు పొడవుకూ ఉన్న తేడా. స్ప్రింగు మీద అచ్చువేసిన అంకెల్లో అసలు పొడవు కూడా సాధారణంగా ఉంటుంది. మీ ముందు కాయిలోవరు గొట్టం కింది బ్రాకెట్‌లోకి మర తిప్పి ఎక్కించే రకమైతే మీ పని తేలిక. ప్రీలోడ్ తగ్గించినందువల్ల కారు దిగిన ఎత్తును ఆ బ్రాకెట్ దగ్గర తిరిగి పెంచుకోవచ్చు. ఈ రకంలో ఎత్తుకు ఒక మర, ప్రీలోడ్‌కు ఒక మర వేర్వేరుగా ఉంటాయి. ఒకదాని పని ఇంకొకదానితో చేయిస్తేనే ఇలాంటి తిప్పలు వస్తాయి.

కొలతలు ఇక్కడ రాయండి, చూద్దాం. ఒక జాగ్రత్త కూడా చెబుతాను. జాకీ మీద మాత్రమే నిలిపి కారు కిందికి తల పెట్టకండి, తప్పనిసరిగా స్టాండ్లు వేయండి. మన వైపు సముద్రపు గాలికి ఆ మరలు తుప్పు పట్టి పట్టేస్తాయి. ముందు రోజు రాత్రే ఇత్తడి బ్రష్‌తో మట్టి గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే మర్నాడు సీ స్పానర్‌తో రింగులు కదులుతాయి. లేకపోతే రింగు అంచులు అరిగిపోతాయి.

పాత అంబాసిడర్ (బొబ్బిలి)

అందరూ ఇంత శ్రద్ధగా రాస్తుంటే అడ్డుపడుతున్నానని అనుకోవద్దు. కారు కొన్నది ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకోవడానికి అయినప్పుడు, ఆ కాయిలోవర్లను అమ్మేసి కంపెనీ స్ట్రట్లు, స్ప్రింగులు పెట్టించుకోవడమే నా దృష్టిలో తెలివైన పని. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణంలో స్పీడ్ బ్రేకర్ అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం గల నున్నటి వంపు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేందుకు ఉద్దేశించినది. మన ఊళ్ల మొదట్లో ఉన్నవి చూడండి. సిమెంటు గొట్టాన్ని సగం పాతిపెట్టినట్టు ఉంటాయి, అవీ ఒకటి కాదు, మూడేసి. కంపెనీవారు 165, 170 మి.మీ. నేల ఎత్తు ఇచ్చింది వాటి కోసమే. ఆ ఎత్తును డబ్బిచ్చి తగ్గించుకుని, మళ్లీ డబ్బిచ్చి పెంచుకోవడం ఎందుకు?

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. సస్పెన్షన్ ఆ కిందికి వస్తుందా రాదా అని మనం ఇక్కడ వాదించుకోవచ్చు కానీ, బీమా క్లెయిము వచ్చిన రోజున ఆ వాదన వినే ఓపిక సర్వేయరుకు ఉండకపోవచ్చు. బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలియజేయండి.

రింగు స్పానర్ (విజయనగరం)

పెద్దవారి మాటను కాదనను. కొత్త కాయిలోవర్లు కొనాలా అని ఎవరైనా అడిగితే నేనూ అదే చెబుతాను. కానీ ఈయన దగ్గర వస్తువు ఇప్పటికే ఉంది, సరిచేయడానికి అయ్యే ఖర్చు ఒక ఆదివారం, ఒక అలైన్‌మెంట్ బిల్లు. అవి పెట్టి చూసి, నచ్చకపోతే అప్పుడు పీకేయవచ్చు.

గంటస్తంభం వీధి (విజయనగరం)

నేను ఇరవై ఏళ్లుగా అండర్ ఛాసిస్ పని చేస్తున్నాను. పైవారు చెప్పినవన్నీ చూశాక కూడా కారు గట్టిగానే అనిపిస్తే ఒకటి గమనించండి, మా దగ్గరికి వచ్చే దించిన కార్లలో సగానికి పైగా ఇదే లోపం ఉంటుంది. లోయర్ ఆర్మ్ (ముందు చక్రాన్ని కింద బాడీకి కలిపే చేయి) బుష్‌లు, వెనుక బీమ్ బుష్‌లు లోపల రబ్బరు, దాని నడుమ ఇనుప గొట్టం. బోల్టు బిగించినప్పుడు ఆ గొట్టం కదలకుండా పట్టుబడుతుంది, ఆర్మ్ కదిలినప్పుడల్లా రబ్బరే మెలి తిరుగుతుంది. కారును లిఫ్ట్ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగించేస్తే, కారు కిందికి దిగిన మరుక్షణం నుంచి రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. అది ఇంకో స్ప్రింగులా పనిచేసి కారును గట్టిగా చేస్తుంది, పైగా కొన్ని నెలల్లో చిరిగిపోతుంది.

ఎత్తు సరిచేసుకున్న తర్వాత, చక్రాలు నేల మీద ఉండి కారు బరువు వాటి మీద పడి ఉండగా, ఆ బోల్టులను ఒకసారి వదులు చేసి, కారును నాలుగుసార్లు చేతులతో అదిమి, మళ్లీ టార్క్ రెంచితో బిగించాలి. ర్యాంపు గానీ, గొయ్యి ఉన్న షెడ్డు గానీ కావాలి. కదిపిన బోల్టు ఒకేసారి వాడవలసిన రకమైతే కొత్తది వేయాలి. స్టెబిలైజర్ లింకులు కూడా అప్పుడే వదులు చేసి బిగిస్తే మంచిది. ముందు స్ట్రట్‌ను పైన బాడీకి పట్టి ఉంచే బేరింగు మౌంట్ రబ్బరుదా, లేక ఇనుప గుండుదా అన్నది కూడా చూడండి. ఇనుప గుండుదైతే సన్నని గతుకుల శబ్దం, వణుకు నేరుగా స్టీరింగు దాకా వస్తాయి. దానికి క్లిక్కుల్లో మందు లేదు, రబ్బరు మౌంటుకు మారాలి. చివరగా టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, సరిచేయించండి. ఎత్తు మారితే టో మారకుండా ఉండదు. హెడ్‌లైటు వెలుగు ఎక్కడ పడుతోందో కూడా ఒకసారి గోడ మీద చూసుకోండి, ఎదుటివారి కళ్లలో కొట్టకూడదు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. శనివారం సాయంత్రం నూనె కొట్టి, ఆదివారం ఉదయం మా బావమరిది సాయంతో ముందు చక్రాలు విప్పాను. ముందు డాంపరు మొత్తం స్ట్రోకు 120 మి.మీ., బంప్ స్టాప్ 45 మి.మీ. స్ప్రింగు మీద 6 అని ఉంది. ప్రీలోడ్ కుడి వైపు 26, ఎడమ వైపు 24 మి.మీ. మీరు ఊహించిన అంకె అంత దగ్గరగా ఉండడం చూసి మా బావమరిది మీకు సోది చెప్పడం వచ్చా అని అడిగాడు. గొట్టం కింది బ్రాకెట్‌లోకి మర ఎక్కే రకమే. వెనుక కేబుల్ టై, మా అమ్మ, నా భార్య, మా అబ్బాయి కూర్చున్న ప్రయాణం తర్వాత దిమ్మలోకి సగం దూరి నలిగిపోయి కనిపించింది.

ప్రీలోడ్ పూర్తిగా తీసేయవచ్చా? అలాగే 4 కిలోల స్ప్రింగులు తెప్పించాలన్న నా ఆలోచన సరైనదేనా?

రింగు స్పానర్ (విజయనగరం)

పూర్తిగా తీసేయకండి. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు వదులై కూర్చున్న చోటు నుంచి తప్పుకునే ప్రమాదం ఉంది. 10 మి.మీ. ఉంచండి, రెండు వైపులా సమానంగా. అప్పుడు చక్రం దిగడానికి 43 మి.మీ., నొక్కుకోవడానికి 77 మి.మీ. ఉంటాయి. అందులో దిమ్మ పొడవు 45 మి.మీ. మినహాయిస్తే, దాన్ని తాకకముందు 32 మి.మీ. స్వేచ్ఛగా కదలవచ్చు. ఆపైన కూడా దిమ్మ నురగలా మెత్తగా మొదలై క్రమంగా గట్టిపడేదే కనుక ముందు భాగంలో అది తాకినా గోడకు గుద్దినట్టు ఉండదు.

మెత్తటి స్ప్రింగు వేస్తే హాయి వస్తుందన్నది సగం నిజం. మిగతా సగం మీ కొలతల్లోనే ఉంది. అదే 320 కిలోలకు 4 కిలోల స్ప్రింగు 80 మి.మీ. కుంగుతుంది. 10 మి.మీ. ప్రీలోడ్ పోను చక్రం దిగడానికి 70 మి.మీ. దొరుకుతుంది కానీ, నొక్కుకోవడానికి 50 మి.మీ.లే మిగులుతాయి. అందులో 45 దిమ్మదే. అంటే కారు నిలబడి ఉన్నప్పుడే దిమ్మకు 5 మి.మీ. దూరంలో ఉంటుంది, నలుగురు ఎక్కితే దాని మీదే కూర్చుంటుంది. మెత్తటి స్ప్రింగు కొని, గట్టి దిమ్మ మీద ప్రయాణం చేసినట్టు అవుతుంది. అంత పొట్టి స్ట్రోకు డాంపరుకు 5 కిలోల స్ప్రింగు దాకా వెళ్లవచ్చేమో గానీ, 4 వద్దు. కంపెనీవారు మిల్లీమీటరుకు 2 కిలోల చిల్లర స్ప్రింగు వేయగలుగుతున్నారంటే, దానికి తగినంత పొడవైన స్ట్రోకు కూడా ఇస్తున్నారు కనుకనే.

ఆశలు ఎంతవరకు పెట్టుకోవాలో కూడా చెప్పడం న్యాయం. కంపెనీ తరహా 2.2 కిలోల స్ప్రింగు మీద 320 కిలోల బరువు సెకనుకు సుమారు 1.3 సార్లు ఊగుతుంది. అదే బరువు మీ 6 కిలోల స్ప్రింగు మీద సుమారు 2.2 సార్లు ఊగుతుంది. మామూలు కుటుంబపు కార్లు 1 నుంచి 1.5 మధ్యలో ఉంటాయి. కూర్చున్న మనిషి శరీరానికి నిలువు కంపనాల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తాయి. స్ప్రింగు గట్టిపడిన కొద్దీ కారు ఆ వైపుకు జరుగుతుంది. కాబట్టి దెబ్బలు, చప్పుళ్లు పోతాయి కానీ, కారు కంపెనీ కారంత మెత్తగా మాత్రం మారదు. మరో లెక్క చెబుతాను, ఊగడాన్ని ఆపవలసిన డాంపింగు స్ప్రింగు గట్టిదనపు వర్గమూలాన్ని బట్టి పెరగాలి. 2.2 నుంచి 6కు వచ్చారు కనుక కంపెనీ డాంపింగుకు సుమారు 1.65 రెట్లు కావాలి. నాబులు పూర్తిగా వదులు చేయడం ఎందుకు పనికిరాలేదో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

ఇంకొకటి. ముందు చక్రం తాకిన గతుకును వెనుక చక్రం క్షణం తర్వాత తాకుతుంది. వెనుక భాగం ముందు భాగం కంటే కొంచెం వేగంగా ఊగేలా చేస్తే, ఆ ఆలస్యాన్ని అది అందుకుని, కారు ముందుకీ వెనక్కీ తల ఊపకుండా సమంగా లేచి దిగుతుంది. 1930ల్లో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఆలీ చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రం ఇది. మీ పనికి దీని అర్థం ఒక్కటే. ముందు స్ప్రింగులు మార్చకుండా వెనుకవి మాత్రం బాగా మెత్తటివి వేయకండి.

మెత్తదనం కోసం నేనైతే స్ప్రింగుల మీద పెట్టే డబ్బు టైర్ల మీద పెడతాను. 205/45 టైరు పక్క గోడ ఎత్తు 92 మి.మీ., కంపెనీ కొలత 185/60 ఆర్15 అయితే 111 మి.మీ. ఆ 19 మి.మీ. గాలి మెత్తదనం మీకు ఏ నాబూ ఇవ్వలేదు. పాత 15 అంగుళాల చక్రాలు అమ్మిన ఆయన దగ్గర ఇంకా ఉన్నాయేమో అడగండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

నెల రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. చేసినవి ఇవి. ముందు ప్రీలోడ్ రెండు వైపులా 10 మి.మీ.కి తెచ్చి, దిగిన ఎత్తును కింది బ్రాకెట్ దగ్గర తిరిగి పెంచడమే కాక, ఇంకో 15 మి.మీ. కలిపాను. వెనుక రింగులు లేపి, చక్రం దగ్గర 25 మి.మీ. ఎత్తు వచ్చేలా చేశాను. కుడి వెనుక రింగు తుప్పుకు పట్టేసి రెండు గంటలు ఏడిపించింది. ఆ తర్వాత విజయనగరంలో గొయ్యి ఉన్న ఒక షెడ్డులో బుష్‌ల బోల్టులు వదులు చేయించి, కారు బరువు మీద బిగించాం. ఎడమ లోయర్ ఆర్మ్ బోల్టు వదలగానే కారు ముక్కు కళ్లముందే కాస్త కదలడం నేను స్వయంగా చూశాను. అక్కడే టో కూడా సరిచేయించాను.

గుంతల్లో 'టక్' పూర్తిగా పోయింది. నాబులు ముందు 10, వెనుక 14 క్లిక్కులు వెనక్కి ఉంచితే నా దారికి సరిపోయింది. 80 వేగంలో ఊగడం లేదు. పాత చక్రాలు అమ్మిన ఆయన దగ్గరే మేడ మీద పడి ఉన్నాయట. టైర్లు మాత్రం కొత్తవి వేయించి, డోరు దగ్గర స్టిక్కరు మీద రాసి ఉన్న గాలి పెట్టాను. నిజం చెప్పాలంటే అన్నిటికంటే పెద్ద తేడా ఆ రోజే కనిపించింది. కారు గట్టిగానే ఉంది, అది దాచను. కానీ ప్రతి గతుకూ గుండ్రంగా తెలుస్తోంది, అంచులతో గుచ్చుకోవడం లేదు.

బొబ్బిలి పెద్దవారి మాట ప్రకారం బీమా సంస్థకు లేఖ కూడా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. మొన్న ఆదివారం మా అమ్మ అరసవల్లికి వెళ్లి రావడం రెండూ కారులోనే చేసింది. తలదిండు పట్టుకోలేదు, కొబ్బరికాయ ఒడిలోనే ఉంది. ఏడు రోడ్ల కూడలి దాటాక మాత్రం, "ఆటో కంటే నయమే" అంది. వెనుక కడ్డీల మీద కేబుల్ టైలు ఇంకా తీయలేదు. సంక్రాంతికి చెల్లెలి కుటుంబం వచ్చినప్పుడు ఐదుగురితో ఒకసారి తిరిగి చూసి, వెనుక రింగులు ఇంకో 5 మి.మీ. లేపాలో వద్దో అప్పుడు తేల్చుకుంటాను.